మద్యానికి బానిస అయినదీ లేనిదీ కొలవడం ఎట్లా?

(బి.ఎస్సీ. అంతిమ సంవత్సరం విద్యార్థి, కోసిగి)

కాలేజీలో చేరిన కొత్తలో ప్రయోగశాలలో మాకు చెప్పిన మొదటి మాట ఇది: దేన్ని గురించి అయినా మాట్లాడే ముందు దాన్ని కొలవాలి. ఆమ్లాన్ని బ్యూరెట్టుతో కొలిచినాము. వేడిని థర్మామీటరుతో కొలిచినాము. ఇంటి దగ్గర మా నాయన వానను కూడా కొలుస్తాడు. చేలో జానెడు తవ్వి పదును ఎంత లోతుకు దిగిందో చూసుకుని గానీ గొర్రు కట్టడు. అయితే ఒక మనిషి మద్యానికి ఎంతగా లొంగిపోయినాడో తెలుసుకోవలసి వస్తే ఏ పరికరం వాడాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివితే పుట్టినది కాదు. మా ఇంట్లో పుట్టింది.

మా వూరు కర్నూలు జిల్లా కోసిగి. గుంతకల్లు నుండి రాయచూరు పోయే రైలు దారిలో ఆదోని దాటినాక, మంత్రాలయం రోడ్డుకు ముందు వస్తుంది. వాన పడితే వేరుశెనగ, పత్తి, కొర్ర. పడకపోతే మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకో, బెంగుళూరులో కట్టడాల పనికో పోవలసిందే. మా చిన్నాయనకు అయిదెకరాల మెట్ట వుంది. మంచి సేద్యగాడు. సాయంత్రం ఒక క్వార్టర్ వేసుకుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు. "ఒళ్ళు నొప్పులకు ఒకటి ఏసుకుంటాడు, ఎవరినీ ఒక మాట అనడు" అని మా అవ్వ కూడా సమాధానపడింది.

నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో వున్నప్పుడు శ్రావణ మాసం వచ్చింది. ఇంటి దేవునికి మొక్కుకుని చిన్నాయన ఒక్కసారిగా తాగుడు మానేసినాడు. అందరమూ సంతోషించినాము. మరునాడు చేతులు వణికినాయి, చెమటలు పోసినాయి. మూడోనాడు రాత్రి లేచి కూర్చుని గోడ మీద పురుగులు పాకుతాండాయని చేత్తో దులపడం మొదలుపెట్టినాడు. నన్ను చూసి నేనెవరో గుర్తుపట్టలేదు. గాలి సోకిందని ఒకరు, మొక్కులో ఏదో తప్పు జరిగిందని ఒకరు అన్నారు. తెల్లవారినాక పెద్దాసుపత్రికి తీసుకుపోయినాము.

అక్కడి డాక్టరు చిన్నాయన కాస్త తెలివిలో వున్నప్పుడు "రోజూ ఎంత తాగుతావు?" అని అడిగినాడు. "యాప్పుడన్నా పని జాస్తి అయితే ఒకటి ఏసుకుంటా సార్" అన్నాడు చిన్నాయన. డాక్టరు ఆ మాట రాసుకుని, చిన్నమ్మను పక్కకు పిలిచి మరో ప్రశ్న అడిగినాడు: "పొద్దున లేస్తూనే ఏం చేస్తాడమ్మా?" చిన్నమ్మ తల వంచుకుని చెప్పింది. "చేతులు అదుర్తాయి సార్. టీ గ్లాసు పట్టుకోలేడు. మొగం కడగక ముందే ఒక పాకెట్టు పడాల. అది పడినాకే మనిషి అయ్యేది. చేలో ఇంకొకటి, మద్యాన్నం ఇంకొకటి. మాపటికి క్వార్టర్ ఎట్లా వుండనే వుండాది."

పదేండ్లుగా ఒకే ఇంట్లో వున్న మాకెవరికీ తెలియని సంగతి ఒక్క ప్రశ్నతో బయటపడింది. వైద్యం జరిగింది, చిన్నాయన బతికినాడు. ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరు అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో వుంది. "ఈ ప్రశ్న ముందే ఎవరైనా అడిగి వుంటే ఇంట్లో వుంచి ఒక్కసారిగా మాన్పించి వుండరు." బాగా అలవాటుపడిన శరీరానికి మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మొదలు నాలుగు రోజుల మధ్య మతి చెదిరి లేనివి కనిపించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఒక ప్రశ్నకు అంత విలువ వుందని తెలిసిన తరువాత, అటువంటి ప్రశ్నలను ఎవరు, ఎట్లా తయారుచేసినారో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది ఈ వ్యాసంలో పాఠక మిత్రుల ముందు వుంచుతున్నాను.

రక్తపరీక్ష చాలదా?

సైన్సు విద్యార్థికి ముందుగా వచ్చే సందేహం ఇదే. ప్రశ్నలెందుకు, రక్తం తీసి చూడవచ్చు గదా? రక్తంలోగానీ ఊపిరిలోగానీ ఆల్కహాలును కొలిస్తే గడచిన కొన్ని గంటల సంగతి మాత్రమే తెలుస్తుంది. పెండ్లిలో ఒక్కరోజు తాగినవానికీ, ఇరవై ఏండ్లుగా తాగుతున్నవానికీ ఆ పూట ఒకే అంకె రావచ్చు. కాలేయానికి సంబంధించిన గామా గ్లూటమైల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము ఎక్కువ కాలం తాగేవారిలో పెరుగుతుంది. కానీ ఇతర కాలేయ వ్యాధుల్లోనూ, కొన్ని మందుల వల్లనూ పెరుగుతుంది. కొందరు తాగుబోతుల్లో పెరగకుండానూ వుంటుంది. పైగా బానిసత్వం అనేది కేవలం రక్తంలో వుండే వస్తువు కాదు. మనిషికీ మద్యానికీ మధ్య ఏర్పడిన సంబంధం అది. సంబంధాన్ని తెలుసుకోవాలంటే అడగడం తప్ప వేరే దారి లేదు.

బానిస అంటే ఎవరు?

కొలవాలంటే ముందు దేన్ని కొలుస్తున్నామో నిర్వచనం వుండాలి. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించినారు. మద్యానికి బానిస అయినవారిలో కనిపించే ఏడు లక్షణాలను అందులో వరుసగా చెప్పినారు. వాటిని నా మాటల్లో చెబుతాను.

ఒకటి, తాగే తీరు బిగుసుకుపోవడం. మామూలుగా తాగేవాడు పండుగకొక తీరుగా, పనిరోజు మరొక తీరుగా తాగుతాడు. బానిస అయినవానికి అన్ని రోజులూ ఒక్కటే, గడియారం పెట్టినట్లు తాగుతాడు. రెండు, అన్ని పనులకంటే తాగుడు ముందుకు రావడం. మూడు, మునుపటి మోతాదు చాలక పెంచుకుంటూ పోవడం. నాలుగు, మద్యం తగ్గినప్పుడల్లా వణుకు, చెమట, ఓకారం రావడం. అయిదు, ఆ బాధ పోవడానికే మళ్ళీ తాగడం. ఆరు, ఆపుకోలేకపోతున్నానని తనకే తెలియడం. ఏడు, కొంతకాలం మానినా మళ్ళీ మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే పాత స్థితికి చేరుకోవడం.

వీటిలో అన్నీ అందరిలో ఒకే మోతాదులో వుండవు. జ్వరం వుందా లేదా అన్నట్లు కాక, ఎంత జ్వరం అన్నట్లు చూడాలని వారి అభిప్రాయం. అందుకే కొలత అవసరమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో ప్రచురించిన వ్యాధుల వర్గీకరణలో ఈ ఆలోచనే ఆరు లక్షణాలుగా చేరింది. ఒక ఏడాదిలో వాటిలో మూడయినా కలిసి కనిపిస్తే బానిసత్వం అని ఆ వర్గీకరణలో నిర్ణయించినారు.

ప్రశ్నావళుల కథ

తాగుబోతులను వారి తాగుడు గురించే కాగితం మీద అడగడం ఇటీవలి పని కాదు. అమెరికాలో ఇ.ఎం. జెల్లినెక్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1946లో ఒక నివేదిక ప్రచురించినాడు. మద్యం మానినవారి సంఘం తన పత్రికలో తానే తయారుచేసి వేసిన ప్రశ్నావళికి వచ్చిన సమాధానాలు దానికి ఆధారం. చివరకు 98 మంది పురుషుల సమాధానాలు మాత్రమే లెక్కకు వచ్చినాయి. స్త్రీల సమాధానాలు కొద్దిగా వున్నందున పక్కన పెట్టినారు. ఆ 98 మందితో మొదలైన పరిశీలన నుండి పుట్టిన, తాగుడు ఏ ఏ మెట్లు దిగుతుందో చెప్పే పటం తరువాత లోకమంతా తిరిగింది. కొలతలో ఎవరిని అడిగినాము, ఎవరిని వదిలినాము అన్నది ఎంత ముఖ్యమో ఈ ఉదాహరణ చెబుతుంది.

1971లో మెల్విన్ సెల్జర్ మిషిగన్ పరీక్ష అనే 25 ప్రశ్నల జాబితా తెచ్చినాడు. అవును, కాదు అని సమాధానం చెబితే చాలు. 1979లో లండన్‌లో స్టాక్‌వెల్, ఆయన సహచరులు బానిసత్వ తీవ్రతను కొలిచే 20 ప్రశ్నల పత్రం తయారుచేసినారు. ఒక్కొక్కదానికి సున్న నుండి మూడు మార్కులు, మొత్తం 60. ముప్పై దాటితే తీవ్రమైన బానిసత్వంగా భావిస్తారు. ఆ పత్రంలో చాలా ప్రశ్నలు పొద్దున లేచినప్పటి శరీరస్థితి చుట్టూ తిరుగుతాయి. చెమట పట్టిందా, చేతులు వణికినాయా, తాగితే తగ్గిందా అని. మా చిన్నమ్మను డాక్టరు అడిగిన ప్రశ్న అదే జాతిది.

వీటిలో అన్నిటికంటే పొట్టిది కేజ్ అనే పరీక్ష. అమెరికాలోని నార్త్ కరొలైనాలో జాన్ ఈవింగ్ తయారుచేసినాడు. 1984లో ఆయన వ్యాసం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. నాలుగే ప్రశ్నలు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? నీ తాగుడును ఎవరైనా తప్పుపడితే నీకు కోపం వచ్చిందా? తప్పు చేస్తున్నానని మనసులో పీకిందా? పొద్దున లేస్తూనే ఒకటి వేసుకోవలసి వచ్చిందా? రెండింటికి అవును అంటే అనుమానించి లోతుగా విచారించాలి. ఈ నాలుగు ప్రశ్నల ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే కేజ్ అవుతుంది. పంజరం అని అర్థం. పేరు బాగానే కుదిరింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా అనే ఆరు దేశాల్లో పరీక్షించి సాండర్స్, ఆయన సహచరులు 1993లో ప్రకటించినారు. మొదటి మూడు ప్రశ్నలు ఎంత తాగుతారన్న దాని మీద, తరువాతి మూడు బానిసత్వం మీద, చివరి నాలుగు నష్టం మీద. మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదకరమైన తాగుడు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే బానిసత్వం వుండవచ్చునని డాక్టరుకు చూపించాలి. ఇక్కడ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే తప్పినట్లు!

క్వార్టర్ లెక్క

ఇక్కడే మన వూళ్ళ చిక్కు మొదలవుతుంది. ఆడిట్ రెండో ప్రశ్న "తాగిన రోజు ఎన్ని డ్రింకులు తాగుతావు?" అని. డ్రింకు అంటే ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పది గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఒక డ్రింకు. మనవాళ్ళకు మాత్రం ఒక సీసా అంటే ఒకటి.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని వుంటుంది. అంటే అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. ఆల్కహాలు సాంద్రత 0.789. కనుక బరువు సుమారు 61 గ్రాములు, అనగా ఆరు డ్రింకులు! పక్క రాష్ట్రం నుండి వచ్చే 90 మిల్లీలీటర్ల పాకెట్టులో అందులో సగం, మూడు డ్రింకులు. అయిదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు, రెండున్నర డ్రింకులు. ఎనిమిది శాతం బీరయితే నాలుగు.

ఇప్పుడు రోజూ క్వార్టర్ తాగే ఒక రైతును ఊహించుకోండి. "ఎన్ని?" అంటే "ఒకటి" అంటాడు. అబద్ధం చెప్పలేదు. రోజూ తాగుతాడు కనుక మొదటి ప్రశ్నకు 4, ఒక డ్రింకే కనుక రెండోదానికి సున్న, ఒకేసారి ఆరు డ్రింకులు తాగడు కనుక మూడోదానికి సున్న. మొత్తం 4. ప్రమాదం లేదని కాగితం చెబుతుంది. అడిగేవాడు సీసాను గ్రాముల్లోకి మార్చి చూస్తే మొదటిదానికి 4, ఆరు డ్రింకులు కనుక రెండోదానికి 2, రోజూ ఆరు తాగుతాడు కనుక మూడోదానికి 4. మొత్తం 10. ఎనిమిది గీత దాటినాడు. మనిషి అతడే, సీసా అదే, సమాధానమూ అదే. అడిగేవానికి కెమిస్ట్రీ తెలిసినదీ తెలియనిదీ మాత్రమే తేడా.

కిందటి సంక్రాంతి సెలవుల్లో చిన్నాయనను అడిగినాను. "చిన్నాయనా, నువ్వు ఆసుపత్రికి పోక ముందటి ఏడాది గురించి పది మాటలు అడగాల. చెప్తావా?" కాసేపు నా ముఖం చూసి "అడుగు రా నాయనా, ఇంక దాచేదేముండాది" అన్నాడు. కళ్ళంలో, ఎవరూ లేనప్పుడు అడిగినాను. మూడు పాకెట్లు, ఒక క్వార్టర్ కలిపితే రోజుకు 152 గ్రాములు. పదిహేను డ్రింకులు. పది ప్రశ్నలకు కలిపి 28 వచ్చింది. ఇంట్లోవాళ్ళు బాధపడినారా అన్న చివరి ప్రశ్న దగ్గర ఆయన గొంతు పూడిపోయింది. ఆ ప్రశ్నకు నాలుగు మార్కులు వేసేటప్పుడు నా చెయ్యి కూడా ఆడలేదు.

అడిగే తీరు

ప్రశ్నావళి ఒక్కటే వుంటే చాలదు, అడిగే మనిషి కూడా పరికరంలో భాగమే. అందుకే ముఖాముఖి ఇంటర్వ్యూలకు శిక్షణ ఇస్తారు. ఏ మాటకు ఏ మాట తరువాత అడగాలో, సమాధానం అస్పష్టంగా వుంటే మళ్ళీ ఎట్లా అడగాలో ముందే రాసి పెడతారు. ఇద్దరు వేర్వేరు మనుషులు అడిగినా ఒకే ఫలితం రావాలన్నది ఉద్దేశం.

మన భాషలో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. "నువ్వు తాగుతావా?" అంటే మావైపు తిట్టినట్లే. "మందు ఏమన్నా ఏసుకుంటావా?" అంటే కాస్త మెత్తన. కానీ మందు అంటే ఔషధం కూడా గనుక అవ్వలాంటివారు షుగరు మాత్రల గురించి చెబుతారు. కేజ్ ప్రశ్నల్లో తప్పు చేశానన్న భావన గురించి అడిగేటప్పుడు దేవునికి చేసిన తప్పా, పెండ్లానికి చేసిన తప్పా అని ఎదురు ప్రశ్న వస్తుంది. అందుకే ఇంగ్లీషు ప్రశ్నను ఒకరు తెలుగులోకి మార్చి, అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, రెండింటినీ సరిపోల్చి చూస్తారు.

జ్ఞాపకం మరో చిక్కు. ఆడిట్ పత్రం గడచిన ఏడాదిని గురించి అడుగుతుంది. మా సీమలో ఏడాది పొడుగునా తాగుడు ఒకే తీరుగా వుండదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామికి పోయే నెలలో ముట్టనివారు వున్నారు. పీర్ల పండుగకు, సుగ్గి రోజుల్లో చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎక్కువ. వలస పోయిన చోట గుడారాల్లో మరీ ఎక్కువ. అమెరికా శాస్త్రజ్ఞులు లిండా సోబెల్, మార్క్ సోబెల్ దీనికొక ఉపాయం చెప్పినారు. కాలెండరు ముందు పెట్టి, పండుగలు, పెండ్లిండ్లు, జీతం రోజులు గుర్తు పెట్టించి, ఆ గుర్తుల మధ్య ఒక్కొక్క రోజూ ఎంత తాగినాడో నింపిస్తారు. కోసిగిలో ఈ పద్ధతి వాడాలంటే ఉగాది, ఏరువాక, శ్రావణం, దసరా, సుగ్గి, వలస అని గీతలు గీసుకుంటే సరిపోతుంది. మా అవ్వ వయసులు చెప్పేది కూడా ఇట్లాగే, ఫలానా కరువులో పుట్టినాడని.

ఇంకొకటి, ఎవరి ముందు అడుగుతున్నాము అన్నది. మామ ముందు అల్లుడు చెప్పడు. కొడుకు ముందు తండ్రి చెప్పడు. పెండ్లాం చెప్పేది వేరుగా వినాలి. ఆమె చెప్పినది ఇంటికి పోయినాక ఆమె వీపు మీద పడకుండా చూడవలసిన బాధ్యత అడిగినవారిదే.

కాటా, జల్లెడ

ఏ కొలతకైనా రెండు గుణాలు వుండాలి. ఒకటి నిలకడ, రెండోది సరితనం. ఆదోని పత్తికి పేరున్న మార్కెట్టు గనుక కాటా ఉదాహరణ చెబుతాను. ఒకే మూటను పదిసార్లు పెట్టినా పదిసార్లూ ఒకే బరువు చూపితే ఆ కాటాకు నిలకడ వున్నట్లు. కానీ పదిసార్లూ రెండు కిలోలు తక్కువ చూపవచ్చు గదా! అప్పుడు నిలకడ వుంది, సరితనం లేదు. ప్రశ్నావళి కూడా అంతే. ఒక మనిషి ప్రతిసారీ "ఒకటే" అని చెబితే నిలకడగానే వుంటుంది. నిజం మాత్రం ఆరు.

ప్రశ్నావళి చెప్పినదాన్ని తీర్పుగా ఎందుకు తీసుకోకూడదో ఒక చిన్న లెక్క చూద్దాము. వెయ్యి మందిలో 27 మంది బానిసలు వున్నారనుకుందాము. మన పరీక్ష బానిసల్లో నూటికి తొంభై మందిని పట్టుకుంటుందనీ, కానివారిలో నూటికి తొంభై మందిని సరిగా వదిలేస్తుందనీ అనుకుందాము. చూడడానికి మంచి పరీక్షే. 27 మందిలో 24 మంది దొరుకుతారు. మిగిలిన 973 మందిలో పదోవంతు, 97 మంది పొరబాటున పడతారు. దొరికినవారు మొత్తం 121. అందులో నిజమైనవారు అయిదింట ఒక్కరు మాత్రమే! కాబట్టి ప్రశ్నావళి జల్లెడ వంటిది. జల్లెడ పట్టినాక చేటతో చెరిగినట్లు, ఆ 121 మందిని తెలిసినవారు కూర్చోబెట్టి వివరంగా ఇంటర్వ్యూ చేయాలి. మార్కులు చూసి ఎవరినీ తాగుబోతు అని ముద్ర వేయడం శాస్త్రమూ కాదు, మర్యాదా కాదు.

మన దేశపు లెక్కలు

పైన 27 అన్న అంకెను గాలిలోంచి తీయలేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. రెండు లక్షల ఇండ్లలో 4,73,569 మందిని అడిగినారు. పది నుండి డెబ్బై అయిదేండ్ల వయసువారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతారని తేలింది. 2.7 శాతం మంది, అంటే సుమారు 2.9 కోట్ల మంది బానిసలు. బానిసల్లో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్యం అందిందట. ఆ సర్వేలో వాడినది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఆసిస్ట్ అనే ప్రశ్నావళి. మద్యంతో బాటు పొగాకు, గంజాయి, నిద్రమాత్రల వంటివి కూడా అందులో వుంటాయి.

ఆ చివరి మాట మనకు ముఖ్యం. తెలుగునాట కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారన్నది పాత సంగతే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరకనప్పుడు తాగేవారు పిచ్చిపట్టినట్లయి ఆసుపత్రులపాలైనారు. "కల్లే గదా తాగేది" అని మద్యం ప్రశ్నలతో ఆపేస్తే అసలు బానిసత్వం దేనికో తెలియకుండానే పోతుంది.

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేండ్లు దాటిన పురుషుల్లో 23.3 శాతం, స్త్రీలలో 0.5 శాతం తాగుతారు. తెలంగాణలో పురుషులు 43.3 శాతం, స్త్రీలు 6.7 శాతం. ఈ తేడాలో నిజంగా తాగడంలోని తేడా ఎంత, చెప్పుకోవడంలోని సిగ్గు ఎంత అని ఆలోచించవలసి వుంది. నిమ్‌హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

అమ్మకం లెక్క చాలదు

ప్రభుత్వం దగ్గర అమ్మకాల లెక్క వుంది గదా అని కొందరు అంటారు. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1938లో మన కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడినారు. మా కర్నూలు జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా వుండగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో అది ఎత్తివేయబడింది. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చి ధరలు పెరిగినాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టర్ వచ్చినాయి.

ఈ మార్పులన్నిటిలోనూ దుకాణంలో అమ్ముడైన సీసాలు లెక్కకు వచ్చినాయి. మా చిన్నాయన పాకెట్లు మాత్రం రాలేదు. కోసిగికి కర్ణాటక దగ్గర. అక్కడ కొన్నది అక్కడి లెక్కలో చేరుతుంది, ఇక్కడి కాలేయంలో చేరుతుంది. పైగా వంద సీసాలు వందమంది తలా ఒకటి తాగినారా, పదిమంది తలా పది తాగినారా అన్నది అమ్మకం లెక్క ఎన్నటికీ చెప్పలేదు. మనుషులను అడిగితేనే తెలుస్తుంది.

మనం చేయగలిగింది

మనలో చాలామందిమి పల్లెల నుండి వచ్చినవాళ్ళము. జాతీయ సేవా పథకం శిబిరాలకు పోతాము, రోడ్లు వూడుస్తాము, చెట్లు నాటుతాము. ఈ నాలుగు ప్రశ్నలు, పది ప్రశ్నలు కూడా నేర్చుకుంటే మన ఇండ్లలోనే ఎంతో మేలు జరుగుతుంది. వైద్యం చేయడం మన పని కాదు. అనుమానం వచ్చినవారిని ఒప్పించి డాక్టరు దగ్గరకు పంపడం మన పని. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం వుంది. బెంగుళూరు పనికి పోయేవారికి నిమ్‌హాన్స్ వుంది. ఫోనులో సలహాకు 14446, 14416 అనే ఉచిత నంబర్లు వున్నాయి.

ఒక్కమాట మాత్రం మరువకండి. పొద్దున లేస్తూనే చేతులు వణికేవాడు మొక్కుకుని మానుతానంటే మొక్కును కాదనవద్దు. కానీ ముందు డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. దేవుడు కొన్నాళ్ళు ఆగుతాడు, శరీరం ఆగదు.

చిన్నాయన ఆసుపత్రి నుండి వచ్చినాక రెండుసార్లు మళ్ళీ జారినాడు. ఎడ్వర్డ్స్, గ్రాస్ చెప్పిన ఏడో లక్షణం అదేనని నాకిప్పుడు తెలుసు గనుక కోపం రాలేదు. రెండుసార్లూ చిన్నమ్మే ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. ఈసారి సుగ్గికి నేను ఇంటికి పోయినప్పుడు ఆయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను ఆయన చేతి వైపే చూస్తున్నానని గమనించి గ్లాసు కాస్త పైకెత్తి పట్టుకుని "కొలుచుకో రా" అన్నాడు. గ్లాసులో టీ కదలలేదు.